ఊరి సైటు పెట్టడం తేలికే, తిరిగి కట్టడమే కష్టం

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగడంతో ఊరి నడిబొడ్డు దాకా నీళ్లొచ్చాయి. ఆ వారం పేపర్లు కావాలంటే పాత ఫైళ్లు తిరగేస్తే ఇప్పటికీ దొరుకుతాయి. బయటి ఊళ్లలో ఉన్న కర్నూలువాళ్లు ఇంటి సంగతి తెలియక ఆన్‌లైన్‌లో ఒకరినొకరు అడుక్కున్న మాటలు మాత్రం దొరకడం కష్టం. అప్పట్లో మన కుర్రకారు ఎక్కువగా చేరిన చోటు ఆర్కుట్. 2014 సెప్టెంబరు 30న గూగుల్ దాన్ని మూసేసింది. కమ్యూనిటీల్లోని పాత చర్చల్ని కొన్నాళ్లు చూడనిచ్చి, తర్వాత వాటినీ తీసేసింది. గూగుల్ ప్లస్ కూడా 2019 ఏప్రిల్‌లో అదే దారి పట్టింది.

పరాయి జాగాలో పోగేసుకున్నది పరాయివాళ్ల దయ మీద ఉంటుందని తెలిశాక, ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరికి మన సైటు మనమే పెట్టుకుందామనిపిస్తుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు, కోడ్ రాసే పిల్లలకూ కొదవలేదు. శని, ఆదివారాలు కూర్చుంటే సైటు లేచి నిలబడుతుంది. ప్రారంభం రోజు అందరి వాట్సాప్ స్టేటస్‌లోనూ అదే లింకు. ఏడాది తిరిగేసరికి అందులో మిగిలేది ప్రారంభోత్సవం పోస్టు, దాని కింద నాలుగు అభినందనలు, ఆ కింద లోన్లు ఇప్పిస్తామనే స్పామ్.

సైటు బాగా కట్టలేదు కాబట్టి ఇలా అయిందనుకుని మళ్లీ కడతారు. ఈసారి రంగులు మారతాయి, ఫలితం మారదు. ఎందుకంటే అసలు ప్రశ్న సాఫ్ట్‌వేర్‌ది కాదు. కబుర్లు వాట్సాప్‌కు వెళ్లిపోయాయి, ఇక వెనక్కి రావు. కబుర్ల కోసం సైటు పెడితే అది వాట్సాప్‌తో పోటీ పడి మొదటి నెలలోనే ఓడిపోతుంది. ఊరి సైటుకు ఇప్పుడు మిగిలిన పని జ్ఞాపకం. ఒకసారి ఎవరో ఓపిగ్గా చెప్పిన సంగతి మూడేళ్ల తర్వాత ఇంకొకరికి దొరికేలా ఉంచడం. ఇది ఒప్పుకుంటే మొదలుపెట్టేటప్పుడు తీసుకునే నిర్ణయాలు మారతాయి, తిరిగి కట్టేటప్పుడు తీసుకునేవి మరీ మారతాయి.

ఎవరికి, దేనికి

"జిల్లా ప్రజలందరి కోసం" అని పెట్టిన సైటు ఎవరి కోసమూ కాకుండా పోతుంది. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల నుంచి బయటికి వెళ్లేవాళ్ల అవసరాలే ఒకదానితో ఒకటి కలవవు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఉన్నారు. అనంతపురం వైపు వాళ్లకు పని అంటే బెంగళూరు. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వెళ్లే కుటుంబాలు వేరు. కువైట్‌లో ఉన్న మనిషికి శుక్రవారం సెలవు. అతను డ్యూటీ దిగి, తిని, రాత్రి తొమ్మిదికి ఫోన్ పట్టుకునేసరికి కడపలో పదకొండున్నర అవుతుంది. ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమిలో తన తండ్రి అడంగల్‌లో పేరు తప్పు పడింది, అర్జీ ఎక్కడ పెట్టాలి అని అప్పుడు అడిగితే జవాబు చెప్పగలిగిన మనిషి నిద్రలో ఉంటాడు. తెల్లారి లేచేసరికి వాట్సాప్ గ్రూపులో ఆ ప్రశ్న మీద నూరు గుడ్ మార్నింగ్‌లు, రెండు పుట్టినరోజులు, ఒక క్రికెట్ స్కోరు పేరుకుని ఉంటాయి.

పోనీ జవాబు వచ్చినా, అదే ప్రశ్న మళ్లీ నెలకు ఇంకొకరు అడుగుతారు. మొదట చెప్పినాయన రెండోసారి చెబుతాడు, మూడోసారి విసుక్కుంటాడు, నాలుగోసారి పలకడు. గ్రూపులో 1,024 మంది దాకా చేరొచ్చు గానీ కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల కిందటి మాటలు కనిపించవు. సరిగ్గా ఈ ఖాళీలోనే చిన్న సైటుకు చోటుంది. కాబట్టి మొదటి రోజు సైటులో ఉండాల్సింది స్వాగత సందేశం కాదు, గ్రూపులో అస్తమానం తిరిగొచ్చే ఓ ఇరవై ప్రశ్నలు, వాటికి పక్కా జవాబులు. భూమి కాగితాలు, పాస్‌పోర్టు, పింఛను, ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరు, ధర్మవరం జంక్షన్‌లో ఏ రైలు అందుతుంది. వినడానికి చప్పగా ఉన్నా జనాన్ని లాక్కొచ్చేవి ఇవే. కొండారెడ్డి బురుజు చరిత్ర, గండికోట ఫొటోలు అందంగా ఉంటాయి, కానీ వాటి కోసం ఎవరూ రెండోసారి రారు.

కొత్త సైటులో సాధారణంగా కనిపించే జబ్బు సెక్షన్లు. విద్య, వైద్యం, వ్యవసాయం, సాహిత్యం, ఆధ్యాత్మికం, క్రీడలు, వంటలు అని ముప్పై తెరుస్తారు. ఒక్కో దాంట్లో ఒక్కో పోస్టు. వెయ్యిమందికి వేసిన షామియానాలో పదిమంది కూర్చున్నట్టుంటుంది, పదకొండో మనిషి బయటి నుంచే చూసి వెళ్లిపోతాడు. రెండో మూడో సెక్షన్లతో మొదలుపెట్టి, ఒక విషయం మీద పోస్టులు పోగుపడి ఇరుకైనప్పుడే దానికి వేరే గది ఇవ్వాలి. ఎర్రకారం దోశ మీద వాదన తెగకపోతే అప్పుడు వంటలకు సెక్షన్ తెరవొచ్చు.

రాసేవాళ్లు ఎప్పుడూ తక్కువే. వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జాకబ్ నీల్సన్ 2006లో చెప్పిన లెక్క ప్రకారం ఆన్‌లైన్ బృందాల్లో నూటికి తొంభైమంది చదివి ఊరుకుంటారు, తొమ్మిదిమంది అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఒక్కరు. ఇది కొలబద్ద కాదు, మోటు లెక్క. అయినా సభ్యులు మూడొందల మంది ఉన్న సైటును మోసేది ముగ్గురే అని దీన్ని బట్టి అర్థమవుతుంది. ఆ ముగ్గురు ఎవరో పేర్లతో సహా తెలియకుండా సైటు మొదలుపెట్టడం దండగ. కొందరు అడ్మిన్లు దొంగ పేర్లతో తామే ప్రశ్న అడిగి, తామే జవాబిచ్చి సందడి చూపిస్తారు. పెద్ద నగరంలో చెల్లుతుందేమో గానీ ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో రాత తీరు చూసి ఎవరిదో పట్టేస్తారు. ఆ తర్వాత నిజంగా అడిగినవాళ్లనూ నమ్మరు.

రాజకీయం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. "రాజకీయాలు నిషిద్ధం" అని బోర్డు పెట్టడం తేలిక, అమలు చేయడం కుదరదు. సీమలో నీళ్లు రాజకీయం, కేసీ కాలువ రాజకీయం, హంద్రీ-నీవా రాజకీయం. అవి వద్దంటే ఊరి గురించి మాట్లాడటానికి మిగిలేది పండగ శుభాకాంక్షలే. విషయం మీద ఎంతైనా వాదించుకోండి, నాయకుడి ఇంటిపేరు, కులం జోలికి మాత్రం పోవద్దు అనే నియమం కాస్త పనిచేస్తుంది. అదీ మోడరేటర్లు వేర్వేరు పార్టీల మొగ్గు ఉన్నవాళ్లయితేనే.

చట్టం వైపు నుంచి చూస్తే, 2015 మార్చిలో ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసినంత మాత్రాన సైటు నడిపేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చని కాదు. ఇతరులు రాసినదానికి నిర్వాహకుడికి రక్షణ ఇచ్చేది అదే చట్టంలోని 79వ సెక్షన్. ఆ రక్షణకు షరతులున్నాయి. ఫిర్యాదు తీసుకునే మనిషి పేరు, సంప్రదించే వివరాలు సైటులో పెట్టాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు వస్తే గడువులోగా పలకాలి. చాలా చిన్న సైట్లలో ఆ పేజీయే ఉండదు.

తాళాలు ఎవరి దగ్గర

చిన్న సైట్లు హ్యాక్ అయి పోవడం కంటే తాళం చేతులు దొరక్క పోవడమే ఎక్కువ. డొమైన్ (సైటు అడ్రసు పేరు) ఒక మనిషి పేరు మీద, హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్ అద్దె) అదే మనిషి కార్డు మీద, పాస్‌వర్డ్ ఆ మనిషి బుర్రలో. అతనికి పెళ్లవుతుంది, ఉద్యోగం మారుతుంది, అమెరికా వెళతాడు. కార్డు గడువు తీరుతుంది. రెన్యువల్ చేసుకోండని డొమైన్ అమ్మిన కంపెనీ, అంటే రిజిస్ట్రార్, పంపే మెయిళ్లు పాత కంపెనీ ఇచ్చిన ఐడీకి పోతుంటాయి. ఇంకా విచిత్రం, కొందరు ఆ సైటు డొమైన్ మీదే తెరిచిన మెయిల్ ఐడీని రిజిస్ట్రార్‌కు ఇస్తారు. డొమైన్ ఆగిన రోజే మెయిలూ ఆగుతుంది, ఇక పాస్‌వర్డ్ మార్చుకునే దారి కూడా మూసుకుపోతుంది.

డాట్ కామ్ పేరు గడువు తీరగానే గాల్లో కలిసిపోదు. మొదట కొన్ని వారాలు మామూలు ధరకే రెన్యువల్ చేసుకునే వీలుంటుంది. ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్‌ను బట్టి ఉంటుంది, 45 రోజులకు మించదు. ఆ తర్వాత 30 రోజులు విడిపించుకునే గడువు, అప్పుడు అపరాధ రుసుము గట్టిగానే కట్టాలి. చివరి 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనేవాళ్లు ఊరి మీద ప్రేమతో కొనరు. పాత లింకుల ద్వారా ఇంకా జనం వస్తున్న పేరు కాబట్టి జూదం, పందేల సైట్లవాళ్లు ఎగరేసుకుపోతారు. నిన్నటిదాకా ఊరి గుడి తిరునాళ్ల ఫొటోలు చూపిన అడ్రసు కొడితే రమ్మీ ఆట తెరుచుకుంటుంది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం తిట్టేది పాత అడ్మిన్‌నే.

దీనికి మందు పెద్దదేం కాదు. రిజిస్ట్రార్ ఖాతాకు సైటుతో సంబంధం లేని మెయిల్ ఐడీ ఉండాలి, అది ఇద్దరి ఫోన్లలో తెరుచుకోవాలి, డొమైన్‌కు మూడు నాలుగేళ్లకు సరిపడా ఒకేసారి కట్టేయాలి. ఇద్దరిలో ఒకరు ఊళ్లోనే ఉండేవాళ్లయితే మంచిది. ఒక లెక్చరరో, జిరాక్సు షాపు యజమానో. కోడ్ రాకపోయినా ఫర్వాలేదు, ఊరు వదిలి పోనివాళ్లు కావడమే అర్హత.

పేరు ఎంచుకోవడంలోనూ ఈ ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. కడపను ఇంగ్లీషులో రాసే పాత పద్ధతి 2005లో అధికారికంగా మారింది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు వచ్చింది. అనంతపురానికి ఇంగ్లీషు స్పెల్లింగులు ఇప్పటికీ మూడు నాలుగు రకాలు. డొమైన్‌లో జిల్లా పేరు పెట్టుకున్నవాళ్లకు 2022 ఏప్రిల్ 4న ఇంకో దెబ్బ తగిలింది. ఆ రోజుతో నంద్యాల, ఆళ్లగడ్డ, శ్రీశైలం కర్నూలు జిల్లాలో లేవు. ధర్మవరం, కదిరి, హిందూపురం అనంతపురం జిల్లాలో లేవు. జిల్లాలవారీగా సర్దిన పోస్టులన్నీ ఒక్క రోజులో తప్పు గదుల్లో పడ్డాయి. అందుకే పోస్టుకు ఊరి పేరు, మండలం పేరు తగిలించి, జిల్లాను విడిగా మార్చుకునేలా ఉంచితే ప్రభుత్వం గీతలు ఎన్నిసార్లు చెరిపినా తంటా ఉండదు. నిజానికి మండలాలు కూడా 1985లో వచ్చినవే, అంతకుముందు తాలూకాలు. నికరంగా నమ్మదగింది ఊరి పేరొక్కటే.

తెలుగు అక్షరాలతో వచ్చే తంటాలు

ఇంగ్లీషు సైటు తిరిగి కట్టేవాళ్లకు రాని కష్టం తెలుగు సైటు వాళ్లకు ఒకటి వస్తుంది. పాత డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చి తెరిచి చూస్తే తెలుగు ఉండదు. దాని చోట ఏదో యూరప్ భాషలా చుక్కలు, తోకలు ఉన్న పిచ్చి అక్షరాలైనా ఉంటాయి, లేదా వరసగా ప్రశ్నార్థకాలైనా ఉంటాయి. చూసేవాళ్లకు రెండూ ఒకటే, అంతా పోయిందని టెన్షన్. కానీ రెండింటికీ చాలా తేడా ఉంది.

చాలా సైట్లు వాడే మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఏమీ చెప్పకపోతే అక్షరాలను యూరప్ భాషల కోసం పెట్టిన లాటిన్-1 పద్ధతిలో దాచడం చాలాకాలం మామూలు అలవాటు. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ దాకా అదే నడిచింది. అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు (కోడ్ పాయింటు) ఒక్కోటి మూడు బైట్లు. పాత సైటుకు డేటాబేస్‌తో ఉన్న కనెక్షన్, లోపల రాతలు దాచే టేబుల్ రెండూ లాటిన్ అనుకుంటే ఆ మూడు బైట్లు చెక్కుచెదరకుండా లోపలికి వెళ్లి, అలాగే బయటికి వచ్చి, బ్రౌజర్‌లో తెలుగుగానే కనిపించేవి. కొత్త సర్వర్ మాత్రం "ఇవి లాటిన్ అక్షరాలు కదా" అని మర్యాదగా ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా మార్చేస్తుంది. పిచ్చి అక్షరాలు అలా పుడతాయి. ఇవి కనిపిస్తే సంతోషించాలి, ఎందుకంటే బైట్లు భద్రంగా ఉన్నాయి. డేటాను లాటిన్‌గానే బయటికి తీసి, యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ లోపలికి ఎక్కిస్తే తెలుగు తిరిగొస్తుంది. ప్రశ్నార్థకాలు అలా కాదు. కనెక్షన్ యూటీఎఫ్-8, టేబుల్ లాటిన్ అయినప్పుడు, తనలో చోటు లేని ప్రతి అక్షరం దగ్గరా డేటాబేస్ ప్రశ్నార్థకం రాసుకుంటుంది. అసలు అక్షరం ఏమిటో ఎక్కడా మిగలదు. వాటిని బాగుచేసే మనిషి లేడు, బ్యాకప్ ఒక్కటే దిక్కు.

ఇంకో చిన్న గుంట ఉంది. అదే డేటాబేస్‌లో యూటీఎఫ్-8 అనే పేరుతో ఉన్న పాత పద్ధతి మూడు బైట్ల దాకానే పడుతుంది. తెలుగుకు అది సరిపోతుంది. ఇమోజీకి నాలుగు కావాలి. ఎవరైనా పోస్టు మధ్యలో ఒక నవ్వు బొమ్మ పెడితే, పాత సెట్టింగుల్లో ఆ బొమ్మ దగ్గర్నుంచి చివరిదాకా రాసిందంతా తెగిపోయేది. నాలుగు బైట్ల పద్ధతికి మార్చుకుంటే ఆ బాధ తీరుతుంది.

వెతుకులాట సంగతి వేరే కథ. "కర్నూల్‌లో" అని ఒకరు రాస్తారు, "కర్నూల్లో" అని ఇంకొకరు. మొదటిదాంట్లో పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. సైటులోని వెతికే పెట్టెకు ఇవి రెండు వేరే మాటలు. ఆ గుర్తును పట్టించుకోకుండా వెతికేలా సర్దకపోతే ఉన్న జవాబు కూడా లేనట్టే. పైగా మనవాళ్లలో చాలామంది తెలుగులో చదువుతారు గానీ వెతికేది ఇంగ్లీషు అక్షరాల్లో. శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లోనూ లోపల ఒకచోట ఉంచితే ఆ వెతుకులాటకు కూడా చిక్కుతుంది. అడ్రసు గీతలో మాత్రం తెలుగు వద్దు. లింకును కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులు, అంకెలు కలిసి తొమ్మిది అక్షరాల తోకగా విచ్చుకుంటుంది. మూడు పదాల శీర్షిక స్క్రీను నిండుతుంది. అది చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. పొట్టి అంకె ఒకటి చాలు.

తిరిగి కట్టేటప్పుడు

తిరిగి కట్టాలన్న నిర్ణయం చాలాసార్లు ముచ్చటపడి తీసుకునేది కాదు, మెడ మీద పడేది. పాత సైట్లు ఎక్కువగా పీహెచ్‌పీ అనే కోడ్ భాషలో ఉంటాయి. డేటాబేస్‌తో మాట్లాడటానికి అవి వాడిన పాత కమాండ్లను 2015 డిసెంబరులో వచ్చిన 7.0 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. 5.6 వెర్షన్‌కు భద్రతా మరమ్మతులు 2018తో ఆగిపోయాయి. హోస్టింగ్ కంపెనీ ఒకరోజు తన సర్వర్లను కొత్త వెర్షన్‌కు మారుస్తుంది, సైటు తెల్లకాగితంలా తేలుతుంది. అప్పటిదాకా పదేళ్లు ముట్టుకోనివాళ్లు రాత్రికి రాత్రి కొత్త సాఫ్ట్‌వేర్ కోసం పరుగెడతారు. ఈ కంగారులో జరిగే పెద్ద నష్టం ఒకటుంది. పాతది ఎలాగూ పాడైంది, శుభ్రంగా కొత్తగా మొదలుపెడదాం అనుకోవడం.

ఖాళీ సైటుకు పోగొట్టుకునేది ఏమీ ఉండదు కాబట్టి మొదటిసారి ధైర్యంగా ఎలా కట్టినా చెల్లింది. రెండోసారికి అందులో ఐదారేళ్ల జవాబులున్నాయి. వాటి లింకులు ఎవరెవరి వాట్సాప్‌ల్లోనో, గూగుల్ వెతుకులాటలోనో, ఏ తహసీల్దార్ ఆఫీసు ఎదుట అర్జీలు రాసే మనిషి ఫోన్‌లోనో దాగున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ అడ్రసుల తీరు మార్చేస్తే ఇవన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. కాబట్టి కొత్త రూపం గురించి ఆలోచించకముందే పాత అడ్రసుల జాబితా తీయాలి. ప్రతి పాత అడ్రసు నుంచి కొత్త అడ్రసుకు శాశ్వత మళ్లింపు పెట్టాలి. వెబ్‌లో దీనికి 301 అనే కోడ్ ఉంది, గూగుల్ కూడా దాన్ని చూసి పాత పేజీకి ఉన్న విలువను కొత్త పేజీకి బదలాయిస్తుంది. ఇది ఎవరి కంటికీ కనపడని పని, పొగడ్త రాదు. కానీ తిరిగి కట్టడంలో సగం పని ఇదే.

డేటాబేస్ అసలే లేదంటే? ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పాత డొమైన్ పేరు కొట్టి చూడాలి. 1996 నుంచి వాళ్లు వెబ్ పేజీల నకళ్లు తీసి పెడుతున్నారు. చిన్న సైట్లకు అన్ని పేజీలూ ఉండవు, ఫొటోలు తరచూ ఉండవు, అయినా ముఖ్యమైన రాతలు కొన్నైనా దొరికే అవకాశముంది. కడపలో కూర్చుని సీపీ బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి తాటాకుల పాఠాలు సరిచూయించి, నకళ్లు రాయించి రెండు వందల ఏళ్లు అవుతోంది. ఆయన బంగళా ఉన్న చోట గ్రంథాలయం వెలిసింది, ఆయన కాపాడిన వేమన పద్యాలు మనకున్నాయి. ఆ ఊరివాళ్లే పదిహేనేళ్ల కింద కంప్యూటర్లో కొట్టిన వ్యాసానికి దిక్కులేకపోవడం సిగ్గుపడాల్సిన సంగతే. హోస్టింగ్ కంపెనీ రోజూ బ్యాకప్ తీస్తుందని ధీమాగా ఉండేవాళ్లు ఆ బ్యాకప్ కూడా అదే కంపెనీ దగ్గర, అదే ఖాతా కింద ఉంటుందని మరిచిపోతారు. ఖాతా ఆగితే రెండూ ఆగుతాయి. నెలకోసారి ఒక నకలు ఇంకెక్కడైనా దింపుకుని, దాన్ని ఒకసారైనా వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్‌లు ఉంటాయి, ఆ సంగతి అవసరం పడిన రోజే తెలుస్తుంది.

మనుషులను మార్చడం డేటాను మార్చడం కంటే నాజూకైన పని. కొత్త సైటు తెరిచి "అందరూ పాస్‌వర్డ్ మార్చుకోండి" అంటే చాలామంది ఆ గడప దగ్గరే ఆగిపోతారు. చిన్న ఊళ్లలో చాలామంది మెయిల్ ఐడీ సెల్ షాపు కుర్రాడు ఫోన్ అమ్మిన రోజు తెరిచి ఇచ్చింది. దాని పాస్‌వర్డ్ అతనికీ గుర్తులేదు, వీళ్లకూ తెలియదు. మెయిల్‌కు పంపిన లింకు ఎవరూ చూడరు. ఫోన్‌కు ఓటీపీ పంపుదామంటే, అలాంటి ఎస్సెమ్మెస్‌లు పంపేవాళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద ముందుగా నమోదు చేయించుకోవాలి, పంపే వాక్యాన్ని కూడా ముందే ఆమోదం చేయించుకోవాలి. స్నేహితులు కలిసి నడిపే సైటుకు అది తలకు మించిన పని, మెసేజీకింత అని ఖర్చు వేరే. కాబట్టి వీలైనంత వరకు పాత పాస్‌వర్డే పనిచేసేలా చూడాలి. పాత సాఫ్ట్‌వేర్‌లు పాస్‌వర్డ్‌లను దాచిన పద్ధతి బలహీనమైనది, అలాగే వదిలేయకూడదు. సభ్యుడు పాత పాస్‌వర్డ్‌తో మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు దాన్ని సరిచూసి, ఆ క్షణమే కొత్త పద్ధతిలో దాచుకుంటే అతనికి తేడా తెలియదు. ఎన్నాళ్లకూ రానివాళ్ల పాత పాస్‌వర్డ్‌లను ఒక గడువు పెట్టి చెరిపేయాలి.

పాతవన్నీ ఉన్నవి ఉన్నట్టు తేవాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. తప్పుడు సమాచారమని తెలిసినా పాత జవాబును చెరపకుండా, పైన తేదీ వేసి "ఇది ఇప్పుడు చెల్లదు, కొత్తది ఇక్కడ" అని రాయడం మంచి పద్ధతి. పదేళ్ల కింద కుర్రతనంలో తిట్టుకున్న తిట్లు, ఎవరో ఆడపిల్ల ఫోన్ నంబరు, రక్తం కావాలని పెట్టిన పోస్టులోని ఇంటి అడ్రసు లాంటివి మాత్రం కొత్త సైటుకు ఎక్కించకూడదు. తమ వివరాలు తీసేయమని అడిగే హక్కు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. అడగకముందే తీసేస్తే పోయేదేం లేదు. సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోల్లో ఎక్కడ తీశారో చెప్పే వివరాలు దాక్కుని ఉండొచ్చు. ఇంట్లో పెళ్లికూతురి ఫొటో పెడితే ఆ ఇల్లు మ్యాపులో ఎక్కడుందో కూడా పెట్టినట్టవుతుంది. కొత్త సర్వర్‌కు మార్చేటప్పుడు ఫొటోల సైజు తగ్గిస్తూనే ఆ వివరాలనూ తీసేయొచ్చు, రెండూ ఒకే పనిలో అయిపోతాయి.

తేదీ విషయంలో ఆర్భాటం వద్దు. ఉగాదికో, కాలేజీ వార్షికోత్సవానికో ప్రారంభిస్తామని ముందే ప్రకటించి, ఆ ఒత్తిడిలో సగం మళ్లింపులు పెట్టకుండా తెరవడం తరచూ జరిగేదే. పాత సైటును కొన్నాళ్లు చదవడానికి మాత్రం ఉంచి, కొత్తదాన్ని ముగ్గురు నలుగురికి ఇచ్చి వాడనిచ్చి, వాళ్లు చెప్పిన లోపాలు దిద్దాక ఒక మామూలు మంగళవారం మార్చేయడం సుఖం. సభ్యులు గమనించకపోతే పని బాగా జరిగినట్టే.

ఖర్చు గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. డొమైన్‌కు ఏడాదికి వెయ్యి రూపాయల అటూఇటూ, చిన్న హోస్టింగ్‌కు కొన్ని వేలు. పదిమంది తలా కొంత వేసుకుంటే తేలిపోతుంది. ప్రకటనలు పెట్టి ఆ కొన్ని వేలు రాబట్టుకోవాలని చూస్తే, ఫోన్‌లో జవాబు కంటే ముందు ప్రకటనే కనిపించి, వచ్చేవాళ్లు రావడం మానేస్తారు. స్థానిక కోచింగ్ సెంటర్ల బ్యానర్లు వేసుకున్నా ఫర్వాలేదు, కాకపోతే వాళ్ల మీద ఎవరైనా ఫిర్యాదు రాసిన రోజు ఏం చేయాలో ముందే అనుకోవాలి.

కొన్ని సైట్లను తిరిగి కట్టకూడదు కూడా. మోసే ముగ్గురు లేరని తేలితే, కొత్త సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పెట్టడం కంటే ఉన్నదాన్ని మర్యాదగా మూయడం మేలు. మూయడమంటే చెరపడం కాదు. సభ్యులకు మూడు నెలల ముందు చెప్పి, తమ రాతలు కావాలన్నవాళ్లకు ఇచ్చి, తీసేయమన్నవాళ్లవి తీసేసి, మిగతా పేజీలన్నిటినీ డేటాబేస్ అక్కర్లేని మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా మార్చి పెట్టేయొచ్చు. లాగిన్ ఉండదు కాబట్టి స్పామ్ ఉండదు, పీహెచ్‌పీ ఉండదు కాబట్టి వెర్షన్ మారినప్పుడల్లా కూలిపోదు. అలాంటి ఫైళ్లను ఉచితంగా ఉంచే చోట్లు కూడా ఉన్నాయి. ఇక మిగిలేది డొమైన్ రుసుము ఒక్కటే. దాన్ని పదేళ్ల దాకా ముందే కట్టేయొచ్చు, చందా డబ్బు ఏమైనా మిగిలి ఉంటే ముందు అక్కడ కట్టాలి.